జల్లించిన బూడిద

2004 జూన్ 9, బుధవారం. పొద్దుటి నుంచీ ఉక్కపోత, అప్పుడప్పుడు పడమటి గాలి. హాజరైనవాళ్ళు: ఆసుపత్రి చెత్త కాల్చే ప్లాంటు యజమాని, నల్లపాడు నుంచి కొలిమితో వచ్చిన పోతపని మేస్త్రీ, ప్లాంటు వాచ్‌మన్, పక్క పొలం ఆవిడ, నేను.

ఆనాటి నా డైరీ ఇలా మొదలవుతుంది. సిమెంటు ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర షిఫ్టు పుస్తకం రాసిన రోజుల్లో ముందు ఎవరెవరు పనిలో ఉన్నారో రాసి, ఆ తరువాతే బట్టీ సంగతి రాసేవాణ్ణి. ఉద్యోగం అయిపోయి ప్రత్తిపాడు దగ్గర మా ఊరు చేరుకున్నాక రాయడానికి బట్టీ లేకపోయింది గాని, ఆ అలవాటు మాత్రం ఉండిపోయింది. వాన పడిన రోజులు, పత్తి తీతకు కూలీలు దొరకని రోజులు, ఎవరింటికి ఎవరు వచ్చారు, ఇవే ఎక్కువగా ఉంటాయి నా డైరీల్లో. ఆ బుధవారం మాత్రం చాలా ఏళ్ళ తరువాత మళ్ళీ మంట గురించి రాశాను.

ముందు బూడిద సంగతి చెప్పాలి. మా ఊళ్ళో ఇంటింటికీ గ్యాసు పొయ్యి వచ్చాక అందరూ సుఖపడ్డారు. పొగ పోయింది, కళ్ళ మంట పోయింది. పొయ్యిలో బూడిద కూడా పోయిందని వెంటనే ఎవరికీ తట్టలేదు. అంట్లు తోమడానికి సబ్బుబిళ్ళ వచ్చింది కాబట్టి అక్కడ లోటు తెలియలేదు. పెరట్లో వంగమొక్కకు పేనుబంక పట్టినప్పుడు తెలిసింది. మిరప నారుమడిలో విత్తనం చల్లిన మర్నాడు చీమలు బారులు తీరి గింజల్ని మోసుకుపోతుంటే తెలిసింది. మడి చుట్టూ బూడిద గీత గీస్తే చీమ దాటదు. ఇది మా నాన్న కాలం నుంచీ ఉన్నదే. ఇప్పుడు ఊరంతా వెతికినా తట్టెడు బూడిద దొరకదు. ఇంకా కట్టెల పొయ్యి మీదే వండుకునే ఒకరిద్దరు ఇళ్ళవాళ్ళ దగ్గరకు ఆ రోజుల్లో అందరూ గిన్నెలు పట్టుకుని వెళ్ళేవాళ్ళు.

అలాంటప్పుడు ఊరి బయట ఈ ప్లాంటు వచ్చింది. గుంటూరు ఆసుపత్రుల నుంచి వ్యాను రోజూ వచ్చేది. వాడేసిన సూదులు, కట్లు, ప్లాస్టిక్ సంచులు, ఇంజెక్షన్ సీసాలు తెచ్చి అక్కడ కాల్చేవాళ్ళు. పొడవాటి గొట్టం, దాని పక్కన పొగను నీళ్ళతో కడిగే ఒక గుండ్రటి తొట్టి ఉండేవి. ప్లాంటు యజమాని నడివయసు మనిషి. అంతకుముందు పత్తి జిన్నింగు మిల్లు నడిపి, అది కలిసిరాక ఇందులోకి వచ్చాడు. రోజూ పొద్దున పొయ్యి అడుగు నుంచి బూడిద తీసి రేకుల షెడ్డులో పోసేవాళ్ళు. ఆ బూడిద కంటపడ్డాక మా ఊరి ఆడవాళ్ళు ఊరుకోలేదు. ఊరికే పోతున్న బూడిద కదా అని గేటు దగ్గరకు గమేళాలు తీసుకువెళ్ళేవారు. వాచ్‌మన్ లేదనకుండా పెట్టేవాడు. అతను నాతో ఎలిమెంటరీ స్కూల్లో చదువుకున్నవాడే. బూడిద అడిగిన మనిషిని ఉత్త చేతులతో పంపడం మా వైపు ఎవరికీ చేతకాదు.

ఆ బూడిద వేరు, పొయ్యిలో బూడిద వేరు. కట్టె కాలితే మిగిలేది చెట్టు నేలలోంచి తాగినదే. దాన్ని మళ్ళీ నేల మీద చల్లితే నేల సొమ్ము నేలకు ఇచ్చినట్టే. ప్లాస్టిక్, రంగులు, పగిలిన థర్మామీటర్లు కాలితే మిగిలే దాంట్లో సీసం లాంటి లోహాలుంటాయి. అరకొరగా కాలినప్పుడు పుట్టే విషాలు కూడా దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. వాన పడితే అవన్నీ నీళ్ళతో పాటు దిగుతాయి. ఈ మాట నేను ఊళ్ళో చెబితే, "బూడిదకు కూడా విషమా పెద్దాయనా" అని నవ్వినవాళ్ళే ఎక్కువ.

కాలుష్యం చూసే ఆఫీసువాళ్ళు యజమానికి రెండు దారులు చెప్పారు. ఒకటి, ప్లాంటు స్థలంలోనే లోతుగా గొయ్యి తీసి, అడుగున మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, బూడిదను అందులో పూడ్చడం. రెండోది, బూడిదను బాగా ఎక్కువ వేడిలో కరిగించి గాజురాయిలా చేయడం. అలా కరిగి గడ్డకట్టాక లోహాలు లోపలే బిగుసుకుపోతాయి. నీళ్ళు తగిలినా బయటకు రావు. యజమానికి గొయ్యి చవక, తేలిక. కాకపోతే అతని స్థలంలో ఖాళీ ఉన్నది తూర్పు మూలే. ఆ మూల కంచె అవతల పక్క పొలం ఆవిడ బోరు ఉంది.

ఆవిడ వరసకు నాకు చెల్లెలవుతుంది. భర్త పత్తి చూసుకునేవాడు, మిరప నారు పని పూర్తిగా ఆవిడదే. ఊళ్ళో సగం పొలాలకు నారు ఆవిడ మళ్ళ నుంచే వెళ్ళేది. అందుకు ఆ బోరే కారణం. చుట్టూ ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే పడ్డాయి. పత్తి ఎలాగో ఓర్చుకుంటుంది గాని లేత మిరపనారు ఉప్పునీటికి బతకదు. ఆ ఒక్క బోరులో మాత్రం మంచినీళ్ళు. దాని పక్కన బూడిద గొయ్యి తీస్తారని తెలిసిన రోజు నుంచి ఆవిడకు నిద్ర పట్టలేదు. "పట్టా ఎన్నాళ్ళుంటదన్నయ్యా? మా ఇంట్లో ధాన్యం మీద కప్పే పట్టానే మూడేళ్ళకు చిల్లులు పడతది" అంది నాతో.

నేను వెళ్ళి యజమానితో మాట్లాడాను. కరిగించవచ్చని, ఒకసారి చేసి చూపిస్తానని చెప్పాను. అతను వద్దనలేదు.

"బాబాయ్, గురువారం పొద్దున్నే పొక్లెయిన్ వస్తోంది గొయ్యికి. బుధవారం మీ ఇష్టం. కరిగితే ఆలోచిద్దాం. కరక్కపోతే ఇంక నన్నేమీ అనకూడదు, ఆవిడ కూడా అనకూడదు."

అలా ఆ బుధవారం అందరం ప్లాంటులో చేరాం. మేస్త్రీ నల్లపాడులో జిన్నింగు మిషన్లకు, కారం మరలకు ఇనుప భాగాలు పోతపోసే మనిషి. చిన్న కొలిమిని ట్రాక్టరు మీద వేసుకుని వచ్చాడు. పెద్ద డ్రమ్ము అంత ఉంటుంది. లోపల మంటకు ఆగే ఇటుకలు, పక్కన నూనె మండే గొట్టం, గాలి కొట్టే ఫ్యాను ఉంటాయి. నడుమ నల్లటి పాత్ర పెడతారు. లోహం కరిగించే ఆ పాత్రను మూస అంటారు. నేను కొలిమి మీద రేకు గూడు కట్టించి, పొగంతా ప్లాంటు తొట్టిలోకి వెళ్ళేలా గొట్టం వేయించాను. ఆ వేడికి కొన్ని లోహాలు ఆవిరై లేస్తాయి. వాటిని నీళ్ళతో కడిగి పట్టుకోకపోతే, నేలకు తప్పించిన విషాన్ని గాలికి అప్పగించినట్టవుతుంది.

మేస్త్రీకి ఈ ఏర్పాట్లు చూస్తే నవ్వొచ్చింది. "ముప్పై ఏళ్ళుగా ఇనుం కరిగిస్తున్నానండి. దానికెప్పుడూ ఇంత మర్యాద జరగలేదు. బూడిదకొచ్చిన భాగ్యం చూడండి."

వాచ్‌మన్ షెడ్డులోంచి రెండు బస్తాల బూడిద తెచ్చి పెట్టాడు. అందరం చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డలు కట్టుకున్నాం. ఆవిడ మాత్రం కంచె దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఏం మరదలా, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే నోరు మూతపడతదని భయమా?" అన్నాడు వాచ్‌మన్. ఆవిడకు అతను బావ వరస.

"నీ మొహానికి గుడ్డ కట్టాక ఇప్పుడే కాస్త చూడబుద్దేస్తంది బావా. అట్టాగే ఉంచుకో" అంది ఆవిడ. యజమాని కూడా నవ్వాడు. ఆ తరువాత చాలాసేపు ఎవరికీ నవ్వు రాలేదు.

కొలిమి అంటించాం. నేను ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న నీలి అద్దం లోంచి మంట చూస్తూ కూర్చున్నాను. ఎర్రదనం పోయి నారింజ రంగు వచ్చింది. అదీ పోయి పసుపులోకి తిరిగింది. సిమెంటు బట్టీలో ఆ రంగు వచ్చిందంటే లోపల రాయి మెత్తబడుతున్నట్టే. ఇక్కడ మూసలో బూడిద కాస్త కుంగింది, అంతే. పైన చిన్న పగుళ్ళు కనిపించాయి. ఇనుప చువ్వతో గుచ్చితే ముద్దగా ఉంది గాని చువ్వకు ఏమీ అంటుకోలేదు. ఇంకా వేడి పెంచమన్నాను. మేస్త్రీ నూనె పెంచాడు. పసుపు తెల్లబడింది. బూడిద మాత్రం ముద్దగానే ఉంది.

"ఇంతకు మించితే మూస పగులుద్దండి" అన్నాడు మేస్త్రీ. నా వంక చూడకుండా యజమాని వంక చూసి చెప్పాడు.

మంట ఆపించాను. మూసను పట్టకారుతో తీసి బోర్లించాడు. బిళ్ళలాంటిది బయటపడింది. చల్లారాక చూస్తే గట్టిగానే ఉన్నట్టు కనిపించింది. నాకు కొంచెం ఆశ కలిగి, దాని మీద చెంబెడు నీళ్ళు పోయమన్నాను. నీళ్ళు పడగానే సుయ్‌మంది. పగుళ్ళిచ్చి, ఉబ్బి, చూస్తుండగానే పొడిపొడిగా రాలిపోయింది. తడిపిన సున్నపురాయి ఎలా విచ్చుకుంటుందో అలాగే విచ్చుకుంది. బూడిదలో సున్నం పాలు ఎక్కువన్నమాట. నీళ్ళు తాకితే విడిపోయేదాన్ని నేలలో పెట్టినా, పెట్టకపోయినా ఒకటే.

యజమాని సెల్‌ఫోను తీసి, "రేపు పొద్దున ఏడింటికల్లా మిషను పంపించు. తూర్పు మూల" అన్నాడు. ఆ మాట కంచె దగ్గర ఆవిడకు వినపడింది. కొంగు నడుముకు బిగించి, బోరు వైపు తిరిగి నిలబడింది.

భోజనాల వేళ అయింది. మేస్త్రీ క్యారేజి విప్పాడు. ఆవిడ గోంగూర పచ్చడి, పెరుగన్నం తెచ్చి కంచె మీంచే అందించింది. ఓడిపోయిన రోజైనా పిలిచిన మనుషులకు అన్నం పెట్టకుండా ఉండరు మా ఊళ్ళో. నేను పెరుగన్నం రెండు ముద్దలు తిని గిన్నె పక్కన పెట్టాను. సున్నం ఎంత ఉన్నా, ఇంజెక్షన్ సీసాల గాజు ఉంటుంది కదా, ఆ గాజు కరిగి సున్నాన్ని కూడా లాక్కుపోవాలి కదా అని తిరగేసి తిరగేసి ఆలోచిస్తున్నాను. ఒంటరి సున్నం ఎంత మంటకైనా లొంగదు. ఇసుకో, గాజో తోడుంటేనే లొంగుతుంది. సిమెంటు ఫ్యాక్టరీలో పనికి చేరిన వారంలోనే నేర్చుకునే సంగతి ఇది.

చేతులు కడుక్కుని, మళ్ళీ తొడుగులు వేసుకుని, బస్తాలో మిగిలిన బూడిదను ఒక కాగితం మీద పలచగా పోసి ఎండలో చూశాను. మెత్తగా, మైదాపిండిలా ఉంది. ఒక్క మెరుపు లేదు.

"ఒరేయ్" అని వాచ్‌మన్‌ని పిలిచాను. "ఇందులో గాజుపెంకులేవిరా?"

"గాజుపెంకులెందుకుంటయ్‌రా? జల్లిస్తా కదా."

"ఎందుకు జల్లించావు?"

"ఎందుకేందిరా, బూడిద జల్లించకుండా ఎట్టా ఇస్తారు ఎవరికైనా? ఆడోళ్ళ చేతులు కోసుకుపోవూ? మొదట్లో ఊరికే పెడితే నీ చెల్లెలు నన్ను గేటు దగ్గరే పట్టుకుని కడిగేసింది. అప్పణ్ణుంచీ పొయ్యిలోంచి తీసిందంతా జల్లెడ పట్టాకే షెడ్డులో పోస్తన్నా."

కంచె దగ్గర ఆవిడ ఇటు తిరిగింది. "అవునన్నయ్యా. మడి మీద పలచగా చల్లాలంటే మెత్తగా ఉండాలి. పెంకులున్నయ్ ఇందులో, జల్లించి పెట్టు బావా అని నేనే చెప్పా." ఇంత చెప్పాక ఆవిడకు ఏదో అనుమానం వచ్చింది. "ఏం, జల్లించకూడదా?"

"ఆ పెంకులు ఉంటేనే బూడిద కరిగేదమ్మా" అన్నాను.

ఆవిడ కాసేపు నా మొహం, వాచ్‌మన్ మొహం మార్చి మార్చి చూసింది. "చూశావా బావా. నా బోరు కాడికి గొయ్యి నేనే పిలుచుకున్నా. నువ్వు జల్లెడ పట్టి మరీ సాయం చేశావు."

"నువ్వు చెబితేనేగా పట్టింది."

"నేను చెప్పినయ్యన్నీ ఎప్పుడన్నా చేశావా? ఇదొక్కటే చేశావు."

పెంకులేవని అడిగాను. పాత ఇనుప సామాన్లవాడికి ఇద్దామని వెనకాల డ్రమ్ముల్లో పోశానన్నాడు వాచ్‌మన్. ఇంతవరకూ వాడు రాకపోవడం మా అదృష్టం. యజమానిని ఇంకొక్కసారి అని అడిగాను. అతను నూనె డబ్బా కదిపి చూసి, "ఉన్నంత వరకు కాల్చండి బాబాయ్. మళ్ళీ తెప్పించను" అన్నాడు.

ఈసారి పెంకుల్ని పాత రోకలితో పొడి చేయించి బూడిదలో కలిపాను. ఎంత బూడిదకు ఎంత గాజన్నది చేతి అందాజే. తక్కువ కాకూడదని కాస్త ఎక్కువే వేశాను. కొలిమి మళ్ళీ అంటుకుంది. నారింజ రంగు పోయి పసుపు వస్తుండగా మూస అంచుల్లో తడి మెరిసింది. ముందు అంచులు, తరువాత నడుమ, ఆ తరువాత మొత్తం కుంగి, పైన బుడగలు లేచాయి. బెల్లం పాకం ముదిరేటప్పుడు పొంగే చిక్కటి బుడగల్లాంటివే. మేస్త్రీ చువ్వ ముంచి పైకి లాగాడు. సన్నటి తీగ సాగింది.

"సాగిందండి" అన్నాడు మేస్త్రీ. పొద్దుటి నుంచి అతని గొంతులో ఉన్న వెటకారం ఇప్పుడు లేదు.

తడి ఇసుకలో పోస్తే పగులుతుందని, ఎండబెట్టిన ఇసుకలో గుంట చేయించి అందులో పోయించాను. పైన వేడి ఇసుక కప్పి మెల్లగా చల్లారనిచ్చాం. సాయంత్రానికి తీసి చూస్తే నల్లటి, లోపల ఆకుపచ్చ జీర ఉన్న గాజురాయి. అంచులు నున్నగా ఉన్నాయి. సుత్తితో కొడితే పెచ్చులుగా విరిగింది గాని పొడి కాలేదు. నీళ్ళలో వేస్తే ఊరికే మునిగి కూర్చుంది. ఆవిడ అప్పటికి కంచె దాటి లోపలికి వచ్చింది. ఆ నీళ్ళ బకెట్ దగ్గర గొంతుకూర్చుని చాలాసేపు చూసింది.

ఒక ముక్కను పరీక్షకు పంపడానికి సంచిలో కట్టాను. కంటికి కరిగినట్టుంటే చాలదు. అది లోహాల్ని నిజంగా పట్టి ఉంచుతుందో లేదో పరీక్షశాల చెప్పాలి. ఆ మాట యజమానితో దాచకుండా చెప్పాను. కరిగించడానికి రోజూ నూనె ఖర్చని అతను అన్నాడు. రోజూ అక్కర్లేదు, బూడిదను పొడిగా, కప్పు కింద దాచి నెలకోసారి చేయవచ్చని, గాజు ఎలాగూ మీ చెత్తలోనే ఉచితంగా వస్తోందని అన్నాను. అతను తల ఊపాడు. అవునన్నాడో, వింటున్నానన్నాడో తెలియలేదు.

"మరి రేపటి మిషను?" అంది ఆవిడ.

"చూద్దామమ్మా" అని అతను మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికి నడుస్తుంటే ఆవిడ నా వెంట వచ్చింది. వాగు దాటాక అడిగింది.

"అన్నయ్యా, గొయ్యిలో పెడితే నీళ్ళలోకి దిగుద్దన్నావు. మరి రెండేళ్ళుగా మడి మీద నేను చల్లింది?"

ఈ ప్రశ్న వస్తుందని మధ్యాహ్నం నుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నీళ్ళు ఆవిడవి, నారు ఆవిడది. "పైమట్టిలోనే ఉంటుంది చెల్లెమ్మా. ఎక్కడికీ పోదు. నీళ్ళు పెట్టినప్పుడల్లా కొంచెం కొంచెం కిందికి దిగుతుంది" అన్నాను.

"ఎంత లోతు దిగిద్ది?"

"ఇంకా ఎక్కువ దిగి ఉండదు. జానెడులోపే ఉంటుందనుకుంటాను. ఖాయంగా చెప్పలేను."

ఇంటి దగ్గర విడిపోయేటప్పుడు ఆవిడ, "గోంగూర పచ్చడి నువ్వేం తినలా. డబ్బాలో పెట్టి పంపిస్తా" అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున నేను ప్లాంటుకు వెళ్ళేసరికి పొక్లెయిన్ వచ్చి గేటు లోపల నిలబడి ఉంది. యజమాని నాకంటే ముందే వచ్చాడు. డ్రైవరుకు పడమటి వైపు చూపిస్తూ, కొత్త షెడ్డుకు పునాది ఎక్కడి నుంచి ఎక్కడికి తీయాలో చెబుతున్నాడు. తూర్పు మూల సంగతి ఎత్తలేదు. నన్ను చూసి, "కొలిమికి ఎంత స్థలం కావాలి బాబాయ్?" అన్నాడు.

నేను అడుగులతో కొలిచి చూపిస్తుండగా గేటు దగ్గర రిక్షా ట్రాలీ ఆగింది. పక్క పొలం ఆవిడ తొక్కుకుంటూ తెచ్చింది. ట్రాలీ నిండా ఎరువు సంచులు ఉన్నాయి. వాటి నిండా మట్టి. చీర అంచు మోకాళ్ళ దాకా తడి మట్టితో ఉంది. చీకటి ఉండగానే మడి మీద పార పట్టినట్టుంది.

"మట్టి ఎందుకమ్మా ఇక్కడికి?" అన్నాడు యజమాని.

"ఇది నీ బూడిదే. నువ్వే తీసుకో" అంది ఆవిడ.

యజమాని నా వంక చూశాడు. మట్టిలో ఇసుక పాలు ఉంటుంది కాబట్టి కరగడానికి అడ్డం రాదని చెప్పాను. అతను షెడ్డులో ఓ పక్క పెట్టించమని వాచ్‌మన్‌తో అన్నాడు. వాచ్‌మన్ సంచులు దించుతుంటే ఆవిడ కూడా ఓ చెయ్యి వేసింది.

మడిలో ఎంత మేరకు తీసిందని అడిగాను. జానెడు లోతున తీస్తున్నానని, ఇప్పటికి ఒక్క మడే అయిందని, ఇంకా చాలా ఉందని చెప్పింది. విత్తనం చల్లే రోజులకు చెరువు మట్టి తోలించి నింపుకుంటానంది. ఖాళీ సంచులు దులిపి మడతపెట్టి ట్రాలీలో వేసుకుని, గేటులోంచి వెనక్కి తిప్పుకుని మళ్ళీ పొలం వైపు వెళ్ళింది.